సున్నా పండగ తర్వాత

రోజు 6118, ఉదయం

చెలమపాడులో చివరి అక్షింతల పురుగు ఈ ఉదయం ఆరూ నలభైకి చచ్చిపోయింది.

చూసినవాళ్ళం ముగ్గురం. పురుగుల గది పెద్ద షేక్ మస్తాన్‌బీ, ఆమె దగ్గర పనిచేసే గుర్రం దీవెన, నేను. పురుగు గాజు పళ్ళెంలో వెల్లకిలా పడి ఉంది. మస్తాన్‌బీ కుంచెతో కాళ్ళు తాకింది. కదల్లేదు. బోర్లా తిప్పింది. ఎర్ర డొప్ప మీద నల్ల చుక్కలు అలాగే ఉన్నాయి. కుంచె పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"ఇంకోసారి డబ్బాలన్నీ చూద్దామా అక్కా?" అంది దీవెన.

"చూశా. పురుగు లేదు, గుడ్డు లేదు. అడుగున తుడిచి మరీ చూశా."

"ఎలా చచ్చిపోయాయి?" అని అడిగాను.

"ఆకలికి, అన్నా," అంది మస్తాన్‌బీ. "ఇయ్యి తినేది ఆకుల రసం పీల్చే పేనుబంకని. పేనుబంక లేదు. ఆఖర్న ఒకదాన్నొకటి తిన్నయ్యి. మిగిలింది ఇదొక్కటి. దీనికి తినడానికి ఎవురూ మిగల్లేదు."

గోడపత్రికలో రేపు ఏం రాయాలో అక్కడే నిలబడి ఆలోచించాను. ఊరు పుట్టి ఇవాళ్టికి 6118 రోజులు. ఊళ్ళో నాలుగువందల పన్నెండు మందిమి. బయట గాలి లేదు, ఎర్ర దుమ్ము ఉంది. మేం తినేది ఆరు వీధుల తోటల్లో పండేదే. ఈ తోటలకి మందు కొట్టం. ఆకులు వదిలే ఆవిరి గాజుకప్పుకి తగిలి, కాలవలోకి జారి, మా బిందెల్లోకి వస్తుంది. ఇవాళ మొక్క మీద పోసింది నాలుగు రోజుల్లో మన గొంతులో ఉంటుంది. అందుకని ఇక్కడ పురుగుని పురుగు చేతే తినిపిస్తారు. ఆ తినేది ఈ ఉదయం అయిపోయింది.

నేను వెళ్ళేసరికి నీళ్ళ దగ్గర వరస మామూలుగానే ఉంది. ఎవరో బీరకాయల గురించి మాట్లాడుకుంటున్నారు.

రోజు 6118, మధ్యాహ్నం

ఊరి ప్రెసిడెంటు గుర్రం యేసురత్నాన్ని కలిశాను. దీవెన ఆయన కూతురే. ఆమెకి తొమ్మిదో నెల. అల్లుడు గనిలో పనికి వెళ్ళి పై నెల గానీ రాడు.

యేసురత్నం గదిలో గోడకి ఇంకా తోరణం ఉంది. తొమ్మిది రోజుల కింద కట్టింది. ఆ రోజు ఆరు వీధుల ముందూ పచ్చదీపం వెలిగింది. హారన్ మూడుసార్లు మోగింది. సొరకాయ పాయసం పంచారు. దానికి సున్నా పండగ అని పేరు పెట్టింది యేసురత్నమే.

కన్ను అనే మిషను వచ్చి ఏడాదైంది. తోటల కప్పు కింద పట్టాల మీద అది రోజంతా నడుస్తుంది. కిందికి చూసి ఆకుల మీద పురుగుల్ని లెక్కపెడుతుంది. లెక్క పెరిగితే వీధి ముందు ఎర్రదీపం, తగ్గితే పసుపు, ఏమీ లేకపోతే పచ్చ. అంతకుముందు వారానికోసారి మనుషులు ఆకులు తిరగేసి చూసేవాళ్ళు. కన్ను వచ్చాక ఆ పని మానేశారు.

అక్షింతల పురుగు సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు.

"పురుగే లేనప్పుడు పురుగుని తినేది మాత్రం ఎందుకయ్యా విలేకరీ? పాముల్లేని ఊళ్ళో ముంగిసని సాకుతావా నువ్వు?"

"ఈ మాట రాసుకోవచ్చా?"

"రాసుకో. పెద్దచ్చరాల్తో రాయి."

రాశాను.

రోజు 6119

మస్తాన్‌బీ అన్నది ఒకటి రాత్రంతా బుర్రలో ఉండిపోయింది. పేనుబంక లేదట. ఎందుకు లేదు? ప్రతి వీధిలోనూ గుమ్మం పక్కన ఒక పురుగు మడి ఉంటుంది. అలసంద, ఆవ, బంతి వేస్తారు. ఆ మడి పురుగుల వాటా. దాంట్లో కాయ కోయరు, ఆకు తుడవరు. పేనుబంక అక్కడ బతుకుతుంది, దాన్ని తింటూ అక్షింతల పురుగు అక్కడే పిల్లలు పెడుతుంది, పెరిగినవి తోటలోకి పోతాయి. వీధిలోకి కొత్త కోడలు వస్తే మొదటి చెంబు నీళ్ళు ఆ మడికే పోయిస్తారు. ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్న పద్ధతి.

ఆరు వీధులూ తిరిగాను. ఆరు పురుగు మడులూ కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి. ఒక్క ఆకు మీద ఒక్క మచ్చ లేదు.

నాలుగో వీధిలో నాగేంద్రమ్మ వంకాయలు కోస్తోంది. ఆ వీధికి పెద్ద ఆమే.

"పిన్నీ, మీ పురుగు మడి తుడిచిందెవరు?"

"ఎవురు తుడుత్తారయ్యా? మేమే. రెణ్ణెల్లు ఎర్రదీపం పెట్టుకుని తిరిగాం. నీళ్ళ కాడ నిలబడితే మూడో వీధోళ్ళు ముక్కులు మూసుకునేవోళ్ళు. 'పురుగులోళ్ళొచ్చారు, జరగండే' అని. నా మనవరాలు ఏడుత్తా ఇంటికొచ్చేది."

"దీపం ఎర్రగా ఉంది పురుగు మడి వల్లేనా?"

"తోటలో ఏవుందని? అంతా ఆ మడిలోదే. అది పురుగుల వాటా అని కన్నుకి ఎవురు చెప్పారు? ఆకు కనపడితే లెక్కెడద్ది. అంతే."

"మడిలో అక్షింతల పిల్లపురుగులు కూడా ఉండి ఉంటాయి. నల్లగా, ముళ్ళు ముళ్ళుగా."

"ఉండేయి. బోలెడు."

"అవి మనకి పనికొచ్చేవని తెలీదా?"

"నాకు తెలుసయ్యా," అంది నాగేంద్రమ్మ. "కన్నుకి తెలీదు గదా."

ఆ మాట రాసుకుని ఆమెకి చదివి వినిపించాను. సరిగ్గానే రాశానా అని అడిగాను. సరిగ్గానే ఉందంది. వంకాయ తొడిమె ముల్లు గుచ్చుకుందేమో, వేలు నోట్లో పెట్టుకుని, "అయినా మా ఒక్క మడి పోతే ఏమైద్ది, ఇంకా అయిదున్నయ్యి గదా అనుకున్నాం," అంది.

ఒకటో వీధిలోనూ ఇదే మాట. రెండో వీధిలో ఇదే. అయిదో వీధిలో ఒకాయన మాటల్తో సహా ఇదే చెప్పాడు: ఇంకా అయిదున్నయ్యి గదా. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మడి తుడవడం తప్పని అందరికీ తెలుసు. అందుకే చెప్పలేదు.

ఈ ఊరికి రాకముందు నుంచీ, ముప్పై ఏళ్ళుగా విలేకరిని. గని కూలినప్పుడు లోపలికి వెళ్ళి రాశాను. ఇవాళ ఇంటికొచ్చి ఈ నాలుగు ముక్కలు మూడుసార్లు కొట్టేసి రాశాను.

రోజు 6121

పేనుబంక దొరికింది. మూడో వీధి చిక్కుడు పందిరి మీద, పూత మడతల్లో. కన్ను పైనుంచి చూస్తుంది. మడతల్లోకి, ఆకు అడుగుకి దాని చూపు పోదు.

కనిపెట్టింది దీవెన. మోకాళ్ళ మీద వంగలేక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒక్కొక్క పూగుత్తీ విప్పి చూసింది. మస్తాన్‌బీని కేకేసింది. ఆమె పరిగెత్తుకొచ్చి చూసి, "వచ్చారా తల్లీ!" అని నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది.

అక్షింతల పురుగులు ఇంకో వారం బతికి ఉంటే వాటికి ఈ తిండి దొరికేది. ఇప్పుడు తిండి ఉంది, తినేది లేదు. పేనుబంకకి మగతోడు అక్కర్లేదు. ఒక్క ఆడది చాలు, రోజుకి నాలుగైదు పిల్లల్ని కంటుంది. పుట్టిన పిల్ల వారానికల్లా తల్లవుతుంది.

సాయంత్రానికి రెండో వీధి నుంచీ, అయిదో వీధి నుంచీ కబురొచ్చింది. అక్కడా ఉంది. పురుగు వదిలే తీపి బంక మీద అప్పుడే మసిలాంటి నల్లబూజు పడుతోంది.

వీధి ముందు దీపం చూశాను. పచ్చగానే ఉంది.

మిట్టపాడుకి రేడియోలో కబురు పంపించాం. మాకు దగ్గర ఊరు అదొక్కటే, బండి మీద నాలుగు రోజులు. ఒక్క డబ్బా అక్షింతల పురుగులు పంపితే చాలునని మస్తాన్‌బీ స్వయంగా చెప్పింది.

రోజు 6123

రెండు రోజులుగా ఊరంతా తోటల్లోనే ఉంది. పైపులతో నీళ్ళు చిమ్మి ఆకులు కడుగుతున్నారు. చిగుళ్ళు తుంచి మూతబిగించిన డబ్బాల్లో పోస్తున్నారు. నీళ్ళలో కలిసినా భయం లేని వేపగింజల కషాయం ఒకటో వీధికీ ఆరో వీధికీ సరిపోయింది. ఆ రెండు వీధులూ నిలబడ్డాయి. మిగతా వీధుల్లో ఉదయం కడిగిన ఆకు మర్నాటికి మళ్ళీ నిండుతోంది.

మధ్యాహ్నం మిట్టపాడు జవాబు వచ్చింది. వాళ్ళ పురుగుల గది పెద్ద బొజ్జా రాహేలు గొంతు, రికార్డు చేసి పంపింది. రేడియో గదిలో యేసురత్నం, మస్తాన్‌బీ, నేను ఉన్నాం. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"మస్తానక్కా, మీ కాడ ఉంటే మాకే ఒక డబ్బా పంపమని అడుగుదామనుకుంటన్నాం. మావి పోయి నెల దాటింది. మీకంటే ముందే కన్ను పెట్టాం గదా. మాకు సున్నా వచ్చిందని మీకు అరిసెలు పంపాం, గుర్తుందా?"

యేసురత్నం, "ఇంకోసారి వెయ్యి," అన్నాడు. వేశారు. మూడోసారి వెయ్యమని అడగలేదు.

మస్తాన్‌బీ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "అరిసెలు తిన్నా," అంది. "రెండు తిన్నా నేను."

మిట్టపాడు అవతల ఇంకో ఊరుంది. అక్కడికి బండి వెళ్ళి రావాలంటే నలభై రోజులు. అక్కడా కన్ను ఉందో లేదో తెలియదు.

రోజు 6124

ఊరి సభ. అందరూ వచ్చారు. విషయం ఒక్కటే, ఎర్ర పీపా.

కొట్టు వెనక గదిలో అది ఊరు పుట్టినప్పటి నుంచీ ఉంది. మొదటి సరుకుతో పొరపాటున వచ్చిన పురుగుమందు. తిరిగి పంపే దారి లేక సీలు వేసి ఉంచారు. సీలు తీయాలంటే ఊరు ఓటు వెయ్యాలి. ఇంతవరకు అడిగినవాళ్ళు లేరు.

అడిగింది యేసురత్నం. నా అంచనా తప్పింది. మొండితనంతో అడుగుతాడనుకున్నాను. ఆయన చేతిలో నర్సు ఇచ్చిన చీటీ ఉంది.

"నా కూతురికి రక్తం లేదు," అన్నాడు. "రోజూ ఆకుకూర పెట్టకపోతే కాన్పు కష్టమని నర్సమ్మ చెప్పింది. మందుబిళ్ళలు అయిపోయినయ్యి. మా తోటకూర చూడండి, మసి. పాలకూర, మసి. ఒకటో వీధి, ఆరో వీధి ఊరందరికీ సరిపోవు. అవి మాత్రం ఎన్నాళ్ళుంటయ్యి? పీపా తెరుద్దాం. నీళ్ళు వడగట్టుకుందాం."

"వడపోతలో ఆగుద్దా అది?" అని మస్తాన్‌బీ నీళ్ళ మిషను చూసే అంకాలయ్యని అడిగింది.

అంకాలయ్య తల గోక్కున్నాడు. "ఉప్పాగుద్ది. మట్టాగుద్ది. దీని సంగతి నాకు తెలవదమ్మా. ఎప్పుడన్నా పోసి చూశామా ఏంది?"

"తెలవనిది తాగమంటారా?" అని వెనక నుంచి ఎవరో.

"తినకుండా చావమంటారా?" అని ఇంకెవరో.

కాసేపు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. దీవెన ముందు కుర్చీ పట్టుకుని లేచింది. అందరూ ఆగారు.

"నాన్నా, పీపా తెరిచాక మొదటి చెంబు నీళ్ళు ఎవురు తాగాలి?"

యేసురత్నం తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"నాకు ఆకు తినిపించాలని నీ తాపత్రయం. నాకు తెలుసు. ఆ ఆకు మీద పోసింది కడుపులో బిడ్డకి చేరదని నువ్వు చెప్పు. నువ్వు చెప్తే తాగుతా. ఇంకెవురు చెప్పినా నమ్మను."

ఆయన చీటీ మడిచాడు. విప్పాడు. "కూర్చోవే," అన్నాడు. "అంతసేపు నిలబడమాక."

"చెప్పు నాన్నా."

"చెప్పలేనమ్మా."

"అయితే ఇది చూడు." ఆమె సంచిలోంచి మూత బిగించిన గాజు సీసా తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఒక మిరపాకు. ఆకు మీద ఉబ్బిపోయి, గడ్డి రంగుకి తిరిగి, కదలకుండా ఉన్న పేనుబంక. "నాలుగో వీధిలో దొరికింది. పొద్దున. కన్ను పట్టాల్ని మోసే స్తంభం వెనక సందులో మిరప మొలిచింది. తుడవడానికి అక్కడ చెయ్యి దూరదు."

మస్తాన్‌బీ భూతద్దం పెట్టి చూసింది. సీసా తిప్పుతూ లెక్కపెట్టింది.

"ఏందది?" అన్నాడు యేసురత్నం.

"చచ్చిన పేనుబంక. లోపల కందిరీగ పిల్లుంది. ఆవగింజలో సగం ఉండే కందిరీగ. పేనుబంకలోపల గుడ్డు పెడద్ది. పిల్ల దాన్ని లోపల్నించి తిని, బెజ్జం చేసుకుని బయటికొత్తది." భూతద్దం పక్కన పెట్టింది. "ఇయ్యి కూడా పోయినయ్యనే అనుకున్నా."

"ఎన్నున్నాయి?" అని నేను అడిగాను.

"పద్నాలుగు."

సభలో నవ్వు వినిపించింది. నాలుగువందల మందికి పద్నాలుగు. నవ్వినవాణ్ణి తప్పు పట్టలేదు.

ఓటు పెట్టారు. చేతులు నేను, అంకాలయ్య లెక్కపెట్టాం. పడిన ఓట్లు మూడువందల మూడు, పెద్దవాళ్ళవే. పీపా తెరవాలని నూట నలభై ఎనిమిది. వద్దని నూట యాభై అయిదు. రెండోసారి లెక్కపెట్టాం. అంతే వచ్చింది. తాగే నీళ్ళలో విషం కలవొచ్చని తెలిసి కూడా సగం ఊరు చెయ్యెత్తింది. నా పక్కింటివాళ్ళు ఎత్తారు. వాళ్ళకి ఇద్దరు చిన్నపిల్లలు.

యేసురత్నం ఏ వైపూ చెయ్యెత్తలేదు.

రోజు 6125

సభ తర్వాత మస్తాన్‌బీ చెప్పిన దారి ఇది. కందిరీగలు పెరగాలంటే వాటికి పేనుబంక కావాలి, కడగని ఆకు కావాలి. అందుకని నాలుగో వీధి తోట మొత్తం వదిలెయ్యాలి. కడగకూడదు, కొయ్యకూడదు. మసి పట్టిన రెండు, మూడు, అయిదు వీధుల పంట వేళ్ళతో సహా పెరికి, మూటకట్టి, బయటి గదిలో గాలి తీసేసి చంపాలి. ఒకటో వీధి, ఆరో వీధి ఆకుకూర ముందు గర్భిణులకి, పిల్లలకి. మిగతావాళ్ళకి కొట్టులో ఉన్న పప్పు, జొన్న.

నాలుగో వీధివాళ్ళని ఒప్పించడానికి యేసురత్నం వెళ్ళాడు. నేను వెంట వెళ్ళాను.

"నా వంకాయలన్నీ పురుగులకా?" అంది నాగేంద్రమ్మ.

"పురుగులకేనమ్మా."

"ఏడాది పొడుగూతా తుడవమని దీపం పెట్టావు. ఇప్పుడు తాకొద్దంటన్నావు. నీ మాటకేమన్నా నికరం ఉందా ప్రెసిడెంటూ?"

"లేదు," అన్నాడు యేసురత్నం. "దణ్ణం పెడతా."

"నీ దణ్ణం ఎవురిక్కావాలి? దీపం పీకెయ్ ముందు."

ఆయన నిచ్చెన అడిగాడు. దీపం ఒక్కటే కాదు, పట్టాల మీద ఆగి ఉన్న కన్నుని కూడా మరలు విప్పి దించాడు. దించాక చేతిలో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక చుట్టూ చూశాడు. బుట్టెడు ఉంది. నాగేంద్రమ్మ కొడుకు అందుకుని మూల పెట్టాడు.

"మా దీవెనకి నీ మడిలో చివరి కోత ఏమన్నా..." అని యేసురత్నం ఆగిపోయాడు.

నాగేంద్రమ్మ కోసి ఉంచిన తోటకూర కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "కడిగే ఉంది. ఇయ్యాలే తినమను. రేపట్నుంచి నన్నడగమాక, పురుగుల్నడుగు."

రోజు 6126, సాయంత్రం

మస్తాన్‌బీ ఇవాళ ఇంకో సంగతి చెప్పింది. పత్రికలో వేశాను. పద్నాలుగింటిలో ఆడవి ఎన్నో, మగవి ఎన్నో అవి బయటికి వస్తేగానీ తెలియదు. మగతోడు దొరకని ఆడ కందిరీగ కూడా గుడ్లు పెడుతుంది, కానీ వాటిలోంచి మగవే వస్తాయి. అంటే అన్నీ ఆడవైనా, అన్నీ మగవైనా ఒక తరంతో సరి. రెండూ రావాలి, ఒకే రోజు అటూ ఇటూగా రావాలి.

"వస్తాయా?" అని అడిగాను.

"నువ్వు వస్తాయనే రాయన్నా."

"అలా రాయను."

"తెలుసు. అడిగి చూశా."

సీసా దీవెన దగ్గరే ఉంది. ఉదయం, సాయంత్రం ఆకుకి తడి పట్టిస్తోంది. నర్సు ఇవాళ మళ్ళీ రక్తం చూసింది. పెరగలేదు, తగ్గలేదు. పీపా తెరవాలన్నవాళ్ళు నిన్న యేసురత్నం దగ్గరికి వచ్చి, కందిరీగలు రాకపోతే మళ్ళీ ఓటు ఎప్పుడో తేదీ చెప్పమన్నారు. ఆయన 6133 అన్నాడు. కూతురికి ఆయనే చెప్పాడు. ఆమె "సరే" అందట, అంతే.

ఇకముందు జరగాల్సినవి:

రేపు 6127, ఉదయం ఆరింటికి పెరికివేత. మూడో వీధితో మొదలు. మొదటి మడి యేసురత్నానిది. ఇంటికొక మనిషి చేతితొడుగులతో రావాలి.

6131 నుంచి 6132 లోపు కందిరీగలు బయటికి రావాలి. వచ్చిన గంటలోపు నాలుగో వీధిలో వదులుతారు. ఆ గంట తోట తలుపు ఎవరూ తెరవకూడదు.

రాకపోతే, లేక ఒక్క రకమే వస్తే, 6133 ఉదయం పదింటికి ఎర్ర పీపా మీద మళ్ళీ ఓటు.

దీవెనకి నర్సు చెప్పిన కాన్పు తేదీ 6135.